టేకు మంచిదే... మరి బోల్టు?

*బలార్షా టేకు అయోధ్య గుడి తలుపులదాకా వెళ్లింది. అదే టేకు ఇప్పుడు ఇళ్ల ముందు, మేడల మీద చెక్క డెక్కుగా పరుచుకుంటోంది. పలక రంగు చూసి మురిసిపోతున్న వాళ్లలో ఎందరు కిందికి వంగి బిగింపులు చూస్తున్నారు?*

2022 నవంబరు 27, ఆదివారం. పొద్దు వాలుతున్న వేళ. చంద్రపూర్ జిల్లా బలార్షా జంక్షన్‌లో కాజీపేట నుంచి పుణె వెళ్లే బండి అందుకోవాలని జనం పరుగు మీదున్నారు. అవతలి ప్లాట్‌ఫాం చేరాలంటే పాదచారుల వంతెన ఎక్కాల్సిందే. చంకలో పిల్లలు, నెత్తిన మూటలు, చేతుల్లో పెట్టెలు. అందరికీ ఒకటే తొందర. జనం నిండుగా ఉన్నప్పుడే నడుమ ఒకచోట కాళ్ల కింది పలక ఊడి జారింది. దాని మీదున్నవాళ్లు పట్టాల మీద పడ్డారు. పన్నెండు మందికి పైగా గాయపడ్డారు. ఒక మహిళ చనిపోయారు. గుజరాత్‌లోని మోర్బీలో తీగల వంతెన తెగి 135 మంది ప్రాణాలు పోయి అప్పటికి నెల కూడా తిరగలేదు.

బలార్షాలో వంతెన మొత్తం కూలలేదు. అడుగు పెట్టే పలక మాత్రమే జారింది. మామూలు రోజుల్లో ఒకరిద్దరు నడిచినప్పుడు ఏమీ కాలేదు. జనం ఒక్కసారిగా ఎక్కినప్పుడే లోపం బయటపడింది.

అక్కడ జారింది కాంక్రీటు పలక. ఈ కథనం చెక్క డెక్కు గురించి. అయినా మొదలుపెట్టాల్సింది ఆ వంతెన దగ్గరే. ఎత్తులో వేసిన ఏ వేదికైనా ప్రాణాలు తీసే తీరు దాదాపు ఒకటే: పైకి అంతా బాగానే ఉంటుంది, కింద ఆనుకున్న చోట చెడుతుంది, జనం గుమిగూడిన రోజున విరుగుతుంది.

టేకు పుట్టిల్లు

సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ బండెక్కిన ప్రతి తెలుగువాడికీ బలార్షా తెలుసు. చాలామందికి అది బండి కాసేపు ఆగే స్టేషను. కలప వ్యాపారులకు మాత్రం అది టేకు పేరు. 1974లో ఏర్పడ్డ మహారాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థకు ఇక్కడ పెద్ద కలప డిపో ఉంది. పొరుగున గడ్చిరోలి జిల్లా ఆలాపల్లి అడవుల టేకుకు ఇంకా పెద్ద పేరు. 1982 దాకా అదీ చంద్రపూర్ జిల్లాలోదే. అక్కడ 'గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి' అని ఒక చిన్న అడవి ముక్కను నరకకుండా అలాగే వదిలేశారు. మహాటేకు ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు వెళ్లాల్సిన చోటు అది. మన వైపు కలప అడితీల్లో 'సీపీ టేకు' అని బేరమాడుతుంటారు కదా, ఆ సీపీ అంటే ఒకప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్. చాందా అనే పాత పేరుతో ఈ జిల్లా అందులోదే.

2023 మార్చి 29న బలార్షా స్టేషను ఉన్న బలార్‌పూర్ నుంచి టేకు దుంగలకు పూజలు చేసి, ఊరేగింపుగా అయోధ్యకు సాగనంపారు. ఆ కలపను రామమందిరం తలుపులుగా మలిచే పని హైదరాబాద్‌కు చెందిన కలప సంస్థ చేతికి వచ్చింది. చంద్రపూర్ చెట్టు, హైదరాబాద్ పనితనం. ఈ రెంటి బంధం కొత్తదేమీ కాదు. చంద్రపూర్ పక్కనే ఉన్న రాజురా తాలూకా నిజాం కాలంలో మన ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఆ వైపు పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది.

ఇదే జిల్లాలో తాడోబా పులుల అడవికి దారితీసే మొహర్లీ, కొలారా ద్వారాల దగ్గర రిసార్టులు వెలిశాయి. ఎత్తైన గుంజల మీద చెక్క వేదిక, దాని మీద రెండు కుర్చీలు, ఎదురుగా అడవి. ఆ ఫొటో చూసిన వాళ్లకు ఇంటి దగ్గరా అలాంటిది ఒకటి ఉండాలనిపిస్తుంది. చంద్రపూర్ కాలనీల్లోనైనా, మంచిర్యాల, కరీంనగర్ శివార్ల ఫామ్‌హౌసుల్లోనైనా, హైదరాబాద్ విల్లాల్లోనైనా ఇదే ముచ్చట. ముచ్చట తప్పు కాదు. ఖర్చు ఎక్కడ పెడుతున్నామన్నదే తప్పుతోంది. లక్షలు పోసి పలకలు కొని, వాటిని మోసే బోల్టుల దగ్గర గీచి గీచి బేరమాడుతున్నాం.

చేను కాపలాకు వేసే మంచె మన రైతుకు కొత్త కాదు. గోండు పల్లెల్లోనూ ఉంటుంది, గోదావరి ఒడ్డునా ఉంటుంది. నాలుగు గుంజలు, అడ్డకర్రలు, వెదురు పరుపు, తాళ్లు. అదీ డెక్కే. కాకపోతే పంట మారినప్పుడల్లా దాన్ని విప్పి మళ్లీ కడతారు. పుచ్చిన గుంజ ఏదో ఏడాది తిరక్కముందే రైతు చేతికే తెలిసిపోతుంది. ఇంటి డెక్కు అలా కాదు. ఒకసారి వేస్తే పది పదిహేనేళ్లు ఎవరూ దాని కిందికి తొంగి చూడరు.

గోడ దగ్గరే గండం

ఇంటిని ఆనుకుని ఎత్తులో వేసే డెక్కులో ఒకవైపు గుంజలు మోస్తాయి, రెండోవైపు గోడ మోస్తుంది. గోడకు ఒక పొడవాటి పట్టె బిగిస్తారు. దూలాల మీది అడ్డవాసాల కొసలన్నీ ఆ పట్టెను పట్టుకునే ఉంటాయి. చెక్క డెక్కుల చరిత్ర ఎక్కువగా ఉన్న అమెరికాలో కూలినవాటిని పరిశీలించిన ఇంజనీర్లు ముందు వేలు చూపించేది ఈ పట్టెనే. మేకులతో కొట్టేస్తే అది ఏళ్ల తరబడి బాగానే కనిపిస్తుంది. బరువు పడినప్పుడల్లా, గాలికి ఊగినప్పుడల్లా మేకు పిసరంత బయటికి వస్తుంది. ఒకరోజు మొత్తంగా ఊడుతుంది. గోడకూ పట్టెకూ మధ్య చేరిన వాననీరు లోపల్లోపల పుచ్చు పట్టిస్తే ఆ రోజు ఇంకా ముందే వస్తుంది.

2003 జూన్ 29న షికాగోలోని లింకన్ పార్క్ ప్రాంతంలో పార్టీ జరుగుతున్న ఇంట్లో మూడో అంతస్తు చెక్క వరండా కింది వరండాల మీద కూలింది. 13 మంది చనిపోయారు, 57 మంది గాయపడ్డారు. 2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఐదో అంతస్తు బాల్కనీ విరిగి ఆరుగురు విద్యార్థులు పోయారు. అది పుట్టినరోజు వేడుక. ఆ భవనం 2007లో పూర్తయింది, అంటే ఎనిమిదేళ్లకే వాసాలు మెత్తబడ్డాయి. పైన పూత, గచ్చు అన్నీ బాగానే ఉన్నాయి. లోపలికి దిగిన నీరు ఆరే దారి లేక వాసాల్ని తినేసింది. ఆ తర్వాతే, 2018లో కాలిఫోర్నియా అపార్టుమెంట్ల బాల్కనీలను నిర్ణీత కాలానికోసారి తనిఖీ చేయించాలని చట్టం తెచ్చింది.

న్యూజెర్సీలోనో అట్లాంటాలోనో ఉన్న మన పిల్లల ఇళ్లకు వెళ్లినవాళ్లు పెరటి డెక్కులు చూసే ఉంటారు. మామూలు రోజు ఇద్దరు కూర్చుని కాఫీ తాగే చోటు. సత్యనారాయణ వ్రతం రోజున ముప్పై మంది పళ్లేలు పట్టుకుని అక్కడే నిలబడతారు. ఫొటో అనగానే అందరూ ఒక అంచుకు జరుగుతారు. డెక్కుకు అసలు పరీక్ష ఆ ఫొటోయే. అక్కడ అనుమతి కాగితం, తనిఖీ అధికారి, ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్టరు ఉంటారు. మన దగ్గర మేస్త్రీ మాటే తనిఖీ. "ఏం కాదు సార్, ఏనుగెక్కినా ఆగుద్ది" అంటాడు. ఏనుగు ఎక్కదు. ఎక్కేది చుట్టాలు.

బాక్స్: బరువెంత?

*మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇంటి గదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు లెక్కేస్తే చాలు. బాల్కనీకి మాత్రం 300 కిలోలు లెక్కెయ్యాలి. గదిలో మంచం, బీరువా ఉంటాయి, జనం చెదిరి ఉంటారు. బాల్కనీలో ఒకేచోట గుమిగూడతారు. అందుకే ఆ తేడా.*

*12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు డెక్కంటే 11 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. 300 కిలోల లెక్కన అది మూడు టన్నులకు పైగా మోయాలి. ఎక్కువనిపిస్తోందా? మనిషికి మూడు చదరపుటడుగుల చొప్పున నిలబడితే 40 మంది పడతారు. సగటున 65 కిలోలు వేసుకున్నా 2,600 కిలోలు. తడిసిన మట్టి కుండీలు, ఉయ్యాల, నీళ్లు నింపిన కూలరు దీనికి అదనం.*

గోడను నమ్మొద్దు

అమెరికా పుస్తకాల్లోని పద్ధతిని ఇక్కడ ఉన్నదున్నట్టు దించితే ఇంకో చిక్కుంది. అక్కడి ఇళ్లు చెక్క చట్రాలవి. పట్టెలోంచి బోల్టు దూర్చి లోపలి చెక్కకు బిగిస్తే అవతల నట్టు పెట్టొచ్చు. మన గోడలు ఇటుకవి. థర్మల్ కేంద్రం ఉన్న ఊరు కాబట్టి చంద్రపూర్ చుట్టుపక్కల బూడిద ఇటుకల వాడకం ఎక్కువ. కొత్త అపార్టుమెంట్లలోనైతే తేలికపాటి ఏఏసీ దిమ్మెలు. ఏఏసీ దిమ్మెలో యాంకర్ బోల్టు కొట్టి ముప్పై మంది బరువు వేలాడదీస్తే ఆ రంధ్రం పిండిపిండి అవుతుంది. ఎర్ర ఇటుకలోనైనా సున్నపు సందు దగ్గర పడ్డ బోల్టు మీద భరోసా పెట్టలేం.

నన్నడిగితే మన ఇళ్లకు తిన్నగా ఉండే దారి ఒక్కటే: డెక్కు గోడను ముట్టుకోనక్కర్లేదు. దాని నాలుగు కాళ్ల మీద అదే నిలబడాలి. ఆరు గుంజలైతే ఇంకా నయం. గోడకూ దానికీ మధ్య వేలు దూరేంత సందు వదిలితే వాననీరు జారిపోతుంది, గోడకు చెమ్మ ఎక్కదు, చెదకు దారి దొరకదు. ఖర్చు రెండు గుంజలు, రెండు పునాది గుంతలు పెరుగుతుంది, అంతే. గోడ మోయదు కాబట్టి పక్కలకు ఊగకుండా గుంజకూ దూలానికీ మధ్య ఏటవాలు కర్రలు తప్పనిసరి. చూడ్డానికి అవి బాగోవని చాలామంది తీయిస్తారు. పది మంది పిల్లలు ఒక్కసారి ఎగిరినప్పుడు డెక్కు పక్కకు ఒరగకుండా ఆపేది ఆ కర్రలే.

గోడలో కాంక్రీటు దూలం ఉంటే వేరే మాట. దానికి పట్టె బిగించొచ్చు. అప్పుడు కూడా కెమికల్ యాంకర్లు ఎన్ని, ఏ లావువి, ఎంత లోతు అన్నది ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్కేసి చెప్పాలి. పలకల ఖర్చుతో పోలిస్తే ఆయన ఫీజు తక్కువే.

భూమి కదిలే ఊరు

2022 ఆగస్టు 26న చంద్రపూర్ జిల్లా ఘుగ్గుస్‌లో ఆమ్రాయి వార్డు జనం కళ్లెదుటే ఒక ఇల్లు నేలలోకి దిగిపోయింది. నేల అదరడంతో ఇంటివాళ్లు బయటికి పరుగెత్తారు, బతికిపోయారు. వాళ్ల ఇంటి చోట గొయ్యి మిగిలింది. కిందెప్పుడో తవ్వి వదిలేసిన బొగ్గు గని ఉంది. చుట్టుపక్కల కుటుంబాలను వేరేచోటికి తరలించాల్సి వచ్చింది.

ప్రతి పెరటి కిందా గని లేదు. నల్లరేగడి మాత్రం విదర్భలో చాలా చోట్ల ఉంది, ఆదిలాబాద్‌లోనూ ఉంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు అరచెయ్యి దూరేంత నెరెలు విచ్చుతుంది. అడుగు లోతు గుంత తీసి, రెండు తట్టల కాంక్రీటు పోసి గుంజ నిలబెడితే తొలకరికి ఒక గుంజ లేస్తుంది, వేసవికి ఇంకోటి దిగుతుంది. పైన దూలం మెలితిరిగి బోల్టుల చుట్టూ చెక్క చీలుతుంది. రేగడి పొర పలుచగా ఉంటే దాన్ని దాటి మొరం తగిలేదాకా తవ్వాలి. లోతుగా ఉంటే అడుగున వెడల్పయ్యే పైల్స్ వెయ్యాలి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రేగడి నేలల కోసమే దశాబ్దాల కిందట ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చింది.

ఇక గుంజ అడుగు ఎప్పుడూ మట్టిలో ఉండకూడదు, కాంక్రీటులో పాతనూ కూడదు. కాంక్రీటు దిమ్మె మీద ఇనుప చెప్పు బిగించి, దానిలో గుంజను నేలకు రెండు మూడంగుళాల పైన నిలపాలి. మన పాత మండువా ఇళ్లలో స్తంభాల కింద రాతి దిమ్మెలు అందం కోసం పెట్టినవి కావు. వాటి వల్లే ఆ స్తంభాలు నూరేళ్లు నిలిచాయి.

ఎండ, వాన, కూలరు

చంద్రపూర్ వేసవి గురించి వేరే చెప్పాలా? పాదరసం 47, 48 డిగ్రీలు తాకిన సందర్భాలున్నాయి. నెలన్నర తిరక్కుండానే వానలు దిగుతాయి, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైనే. చెక్కకు ఇంతకన్నా కఠినమైన పరీక్ష ఉండదు. ఎండలో కుంచించుకుపోతుంది, వానలో ఉబ్బుతుంది. టేకు మిగతా కలపకన్నా తక్కువ కదులుతుంది గానీ కదలకుండా ఉండదు. అందుకే పలకల మధ్య ఐదారు మిల్లీమీటర్ల సందు వదలాలి. సందు లేకుండా బల్లలా అతికించి వేస్తే మొదటి శ్రావణంలోనే పలకలు పైకి లేస్తాయి. సందు ఉంటే నీరు జారుతుంది, కింద గాలి ఆడుతుంది, చెక్క ఆరుతుంది. తడిసి ఆరే చెక్కకు ప్రమాదం తక్కువ. తడిసి ఆరని చెక్కే పుచ్చుతుంది.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువు ఇంకొకటి ఉంది. కూలరు. విదర్భలో కిటికీకి కూలరు లేని ఇల్లు అరుదు. దాన్ని తెచ్చి డెక్కు మూల పెడతారు. మూడు నెలలు ఆ మూల చెక్క తడుస్తూనే ఉంటుంది. ఊరంతా ఎండిపోయి ఉన్న కాలంలో చెదకు కావలసిన చెమ్మ అక్కడే దొరుకుతుంది. కూలరుకు వేరే స్టాండు పెట్టడమో, దాని కారుడు నీటికి గొట్టం పెట్టడమో చెయ్యాలి. కుండీలదీ ఇదే గొడవ. వాటి కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తండి.

బాక్స్: అడితీలో అడగాల్సినవి

*టేకులో చెదను, పుచ్చును ఆపేది చేవ మాత్రమే. చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ శక్తి లేదు. పదిహేను ఇరవై ఏళ్ల తోట టేకులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. పలక అంచున తెల్లగీత కనిపిస్తే పక్కన పెట్టించండి.*

*కనపడే పలకలకు టేకు, కనపడని వాసాలకు ఏదో కర్ర. ఇది మామూలుగా జరిగే తెలివి. పలక పుచ్చితే కాలు దిగుతుంది, వాసం పుచ్చితే మనిషి దిగుతాడు. డబ్బు తక్కువైతే పలకల మీదే తగ్గించుకోండి. నల్లమద్ది, పెద్దేగి లాంటి గట్టి కర్రలు మన అడవుల్లోనూ ఉన్నాయి.*

*పచ్చికర్ర వద్దు. ఆరిన కర్రే తీసుకోవాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఇప్పుడు సులువుగానే దొరుకుతోంది.*

*బోల్టులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ, మందపాటి జింకు పూతవి గానీ ఉండాలి. మామూలు ఇనుపవి తడి టేకులో నల్లమరకలు వేస్తాయి, తుప్పు పట్టి సన్నబడతాయి. అడవి కలపైతే రవాణా పర్మిట్ కాగితం అడగడం మరవొద్దు.*

అంచున పిల్లలు, కింద చీకటి

డెక్కు కూలుతుందనే జనం భయపడతారు గానీ దాని మీంచి పడిపోవడం అంతకన్నా సులువుగా జరుగుతుంది. రెయిలింగు కనీసం మీటరు ఎత్తుండాలి. పది సెంటీమీటర్ల బంతి దూరనంత దగ్గరగా కమ్ములుండాలి. అంతకు మించితే పాకే పిల్ల ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. నిలువు కమ్ములే మేలు. అడ్డకమ్ములు, స్టీలు తీగలు ఫొటోలో బాగుంటాయి గానీ నాలుగేళ్ల పిల్లాడికి అవి మెట్లే. రెయిలింగు కాళ్లను పలకల మీద నిలబెట్టి స్క్రూ చేస్తే ఒక పెద్దాయన ఒరిగినా ఊడొచ్చు. వాటిని కింది దూలానికో బయటి వాసానికో బోల్టుతో బిగించాలి.

ఇక చంద్రపూర్ మాట. 2022లో ఇక్కడి థర్మల్ కేంద్రం పరిసరాల్లో, దుర్గాపూర్‌లో పులి, చిరుత దాడుల్లో మనుషులు చనిపోయారు. కాలనీ అంచుల దాకా అడవి వచ్చే ఊళ్లో మూడడుగుల ఎత్తు డెక్కు కింద చీకటి గుహ వదలడం ఎంతవరకు సబబు? అక్కడ కుక్క పిల్లలు పెడుతుంది. కుక్క కోసం చిరుత వస్తుంది. పాముల సంగతి చెప్పనే అక్కర్లేదు. చుట్టూ గట్టి జాలీ వెయ్యాలి. గాలి ఆడాలి గానీ జంతువు దూరకూడదు. ఒక చిన్న తలుపు పెట్టి గొళ్లెం వెయ్యాలి.

నిప్పు సంగతీ ఉంది. చంద్రపూర్ దగ్గరి చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రం కోసం వెదురుతో ముచ్చటగా కట్టిన భవనాలు 2021 ఫిబ్రవరిలో మంటల్లో కాలిపోయాయి. బూడిద కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఎండాకాలం ఎండిన చెక్క మీద బొగ్గుల కుంపటి, కింద ఎండుటాకుల కుప్ప, వాసాల మీదుగా వేలాడే దీపాల తీగలు: ఈ మూడూ ఒకచోట ఉండకూడదు.

పానా పట్టుకుని కిందికి

చైత్ర పున్నమికి చంద్రపూర్ మహాకాళి జాతర. మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి భక్తులు వస్తారు. ఊళ్లో ఇల్లున్నవాళ్లకు చుట్టాల తాకిడి తప్పదు. చల్లగాలికి అందరూ రాత్రిపూట డెక్కు మీదికే చేరతారు. అప్పటికి ఎండ ముదురుతూ ఉంటుంది, చెక్క కుంచించుకుపోయి బోల్టుల చుట్టూ సందు పడి ఉంటుంది. డెక్కు మీద ఎక్కువ మంది చేరేదీ, బిగింపులు వదులయ్యేదీ ఒకే కాలంలో.

కాబట్టి తనిఖీకి సరైన సమయం జాతరకు ముందే. ఒక పానా, ఒక స్క్రూడ్రైవరు, టార్చి చాలు. నట్లన్నీ బిగించాలి. గుంజ అడుగున, పట్టె వెంట, వాసాల కొసల్లో, కూలరు మూలలో స్క్రూడ్రైవరు మొనతో పొడవాలి. గట్టి చెక్కలో అది గీత గీసి ఆగుతుంది. సులువుగా దిగిందంటే ఆ ముక్క పోయినట్టే. రంగు వేసి కప్పడం కాదు, ఆ రోజే కింద ఊతకర్ర పెట్టి, పైకి ఎవరూ ఎక్కకుండా తాడు కట్టి, వడ్రంగిని పిలవాలి. తొలకరికి ముందు ఇంకోసారి, వానలు వెలిశాక మరోసారి.

చాలామంది ఈ పని చెయ్యలేకపోవడానికి బద్ధకం కారణం కాదు. డెక్కు నేలకు అడుగున్నరే ఎత్తుంటే కిందికి మనిషి దూరలేడు. మేడ మీద వేసిందైతే అసలు కిందంటూ ఉండదు, గచ్చు మీదే వాసాలు పరిచి ఉంటాయి. వేసే రోజే వడ్రంగికి ఒక మాట చెప్పాలి: ప్రతి నాలుగో పలకనైనా మేకు కొట్టకుండా, జిగురు పెట్టకుండా, పైనుంచి స్క్రూలతో మాత్రమే బిగించమని. అవసరమైనప్పుడు నాలుగు స్క్రూలు తీసి పలక లేపి, టార్చి వేసి చూడొచ్చు. స్క్రూ తలలు కనపడితే అందం పోతుందని ఆయన అంటాడు. పోనివ్వండి.